నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో స్వీయానుభవ కథనం: పశ్చిమ ప్రకాశం నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం:

నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో సరుకు కంటే ముందుగా చేతులు మారేది కథ. “నేను ఇలా ఉండేవాణ్ణి, ఇప్పుడిలా ఉన్నాను” అనే స్వీయానుభవ కథనం వినేవారిని సభ్యులుగా మార్చే ప్రధాన సాధనం. మార్కాపురం, గిద్దలూరు కేంద్రాలుగా ఉన్న పశ్చిమ ప్రకాశం వంటి కరవు ప్రాంతంలో ఈ కథనం బంధుత్వం, ఇరుగుపొరుగు సంబంధాల మీదుగా ప్రయాణిస్తుంది. అటువంటి కథనం ఎలా నిర్మితమవుతుంది? దానికి బలమిచ్చే తెలుగు భాషాంశాలు ఏవి? అది ఏ విషయాలను మరుగుపరుస్తుంది? నమ్మదగిన కథనాన్ని, మోసపుచ్చే కథనాన్ని వేరుచేసే ప్రమాణం ఏది? ఈ ప్రశ్నలను కథన శాస్త్రం, భారతీయ అలంకార, న్యాయ శాస్త్రాలు, వర్తమాన చట్టాల వెలుగులో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: స్వీయానుభవ కథనం, నెట్‌వర్క్ మార్కెటింగ్, పశ్చిమ ప్రకాశం, సుహృత్సమ్మితం, ఆప్తవాక్యం, ప్రత్యక్ష విక్రయ నియమాలు.

1. ఉపోద్ఘాతం:

దుకాణం లేకుండా, పత్రికా ప్రకటన లేకుండా, ఒక మనిషి మరొక మనిషికి నేరుగా సరుకు అమ్మే పద్ధతి ప్రత్యక్ష విక్రయం. అమ్మిన వ్యక్తికి తన అమ్మకం మీదనే కాక, తాను చేర్పించినవారి అమ్మకాల మీద కూడా కమీషన్ లభిస్తే అది బహుళస్థాయి విక్రయం లేదా నెట్‌వర్క్ మార్కెటింగ్ అవుతుంది. తెలుగు పత్రికలు దీనిని గొలుసుకట్టు వ్యాపారం అని కూడా వ్యవహరిస్తాయి. చేర్పించినవారిని ‘అప్‌లైన్’ అనీ, చేరినవారిని ‘డౌన్‌లైన్’ అనీ, వ్యాపార వివరాలను వినిపించడాన్ని ‘ప్లాన్ చూపడం’ అనీ పిలవడం ఈ రంగంలో పరిపాటి.

ఈ పద్ధతి చరిత్రలో మాటకు మొదటినుండీ పెద్దపీట ఉంది. అమెరికాలో 1950ల నాటి టప్పర్‌వేర్ సంస్థ తన ప్లాస్టిక్ డబ్బాలను దుకాణాల నుండి ఉపసంహరించి, గృహిణుల ఇళ్లలో జరిగే విందు సమావేశాల ద్వారా అమ్మింది. ఆ పద్ధతిని విస్తరింపజేసిన బ్రౌనీ వైజ్ 1954లో ‘బిజినెస్ వీక్’ పత్రిక ముఖచిత్రంపై కనిపించిన తొలి మహిళ అయింది. 1959లో మిషిగన్ రాష్ట్రంలో ఆరంభమైన ఆమ్‌వే సంస్థ బహుళస్థాయి నమూనాను ప్రపంచవ్యాప్తం చేసింది. ఆ సంస్థ 1998లో భారతదేశంలో వ్యాపారం మొదలుపెట్టింది. నాటినుండి స్వదేశీ, విదేశీ సంస్థలు అనేకం తెలుగు పట్టణాలకూ పల్లెలకూ చేరాయి. సంస్థలు, సరుకులు మారినా సమావేశ స్వరూపం మాత్రం పెద్దగా మారలేదు. ఒకరు లేచి తమ కథ చెబుతారు. మిగిలినవారు అందులో తమను చూసుకుంటారు. ఆ కథే ఈ వ్యాసానికి పరిశీలనాంశం.

2. పశ్చిమ ప్రకాశం – ప్రాంత నేపథ్యం:

1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో అది ప్రకాశం జిల్లా అయింది. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు అంతకుముందు కర్నూలు జిల్లాలోనివి. అందుచేతనే ఈ ప్రాంతపు పలుకుబడిలోను, జీవనంలోను రాయలసీమ ఛాయ స్పష్టంగా కనిపిస్తుంది. నల్లమల అంచున ఉన్న ఈ మెట్టసీమలో గుండ్లకమ్మపై వెలసిన కంభం చెరువు ప్రాచీన జలవనరు. 2020లో అది అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ గుర్తించిన వారసత్వ కట్టడాల జాబితాలో చేరింది. అయినా వానలు ముఖం చాటేసిన ఏడాది ఈ సీమకు కరవు తప్పదు. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు నీటికోసం ఇక్కడి రైతులు దశాబ్దాలుగా ఎదురుచూశారు. భూగర్భజలంలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకల, కీళ్ల బాధలు అనేక గ్రామాలకు పరిచితం. ఒకనాడు దేశమంతటా బడిపిల్లల చేతికి పలకను అందించిన మార్కాపురం పలకల పరిశ్రమ, నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక వెనుకబడింది. హైదరాబాదు, బెంగుళూరు, గుంటూరులకు పనికోసం వలస వెళ్లడం ఇక్కడి కుటుంబాలకు కొత్త కాదు.

ఈ నేపథ్యంలో ‘ఊరు విడవకుండా, ఇంట్లో కూర్చుని, పెద్ద పెట్టుబడి లేకుండా ఆదాయం’ అనే మాటకు సహజంగానే ఆకర్షణ ఉంటుంది. వలసపోయిన భర్త పంపే డబ్బుకోసం ఎదురుచూసే ఇల్లాలికి, జీతం చాలని ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయునికి, చదువు ముగిసి ఉద్యోగం దొరకని పట్టభద్రునికి ఆ మాట నేరుగా తాకుతుంది. మరొకవైపు, పొదుపు సంఘాలు, చీటీలు, బంధుత్వాలు, ఒకే వీధిలోని పరిచయాలు ఇక్కడ ఇదివరకే అల్లుకుని ఉన్న నమ్మకపు వల. వ్యాపారపు వల దానిపైనే పరుచుకుంటుంది. కొత్తగా చేరినవారిచేత ముందుగా తెలిసినవారి పేర్ల జాబితా రాయించడం ఈ రంగంలో సర్వసాధారణం. ఆ జాబితాలో మొదటి వరుసలో ఉండేవారు అక్కచెల్లెళ్లు, బావమరుదులు, వదినామరదళ్లు, తోటి ఉద్యోగులే.

3. సుహృత్సమ్మితం – మిత్రుని మాట:

ఉపదేశం మూడు విధాలని భారతీయ అలంకార శాస్త్రం చెబుతుంది. వేదం రాజులా శాసిస్తుంది కనుక ప్రభుసమ్మితం. పురాణేతిహాసాలు మిత్రునిలా కథ చెప్పి హితవు పలుకుతాయి కనుక సుహృత్సమ్మితం. కావ్యం ప్రియురాలిలా మనసును కరిగించి తనవైపు తిప్పుకుంటుంది కనుక కాంతాసమ్మితం. ఈ విభాగాన్ని వ్యాపార భాషణకు అన్వయిస్తే ఒక స్పష్టత కలుగుతుంది. పత్రికా ప్రకటన ఆజ్ఞాపించినట్లు ‘కొనండి’ అంటుంది. టెలివిజన్ ప్రకటన అందంతో ఆకర్షిస్తుంది. నెట్‌వర్క్ మార్కెటింగ్‌లోని స్వీయానుభవ కథనం మాత్రం మిత్రుని రూపంలో వస్తుంది. ‘నేను బాగుపడ్డాను, నువ్వూ బాగుపడు’ అంటుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. పురాణం చెప్పే మిత్రునికి శ్రోత మేలు తప్ప వేరే ప్రయోజనం లేదు. వ్యాపార కథనంలోని మిత్రునికి శ్రోత చేరికవల్ల కమీషన్ వస్తుంది. మాట సుహృత్సమ్మితం, ప్రయోజనం మాత్రం విక్రేతది. ఈ రెండవ విషయాన్ని బయటికి చెప్పినప్పుడు కథ నిజాయితీగల వ్యాపార భాషణ అవుతుంది. దాచినప్పుడు స్నేహమే సరుకవుతుంది.

కథకు ఇంతటి బలం ఎందుకన్నదానికి ఆధునిక మనోవిజ్ఞానం ఒక సమాధానం చెప్పింది. మెలనీ గ్రీన్, టిమతీ బ్రాక్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కథలో లీనమైనవారు కథకు అనుగుణమైన అభిప్రాయాలను ఎక్కువగా స్వీకరిస్తారు. అందులోని లోపాలను తక్కువగా గుర్తిస్తారు. లెక్క వినేటప్పుడు మనిషి తిరిగి ప్రశ్నిస్తాడు. కథ వినేటప్పుడు తరువాత ఏమైందని అడుగుతాడు. ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న తేడాయే విక్రేతకు అవకాశం.

4. అనుభవ కథన నిర్మాణం:

సామాన్యులు తమ జీవితానుభవాన్ని నోటితో చెప్పే తీరును విలియం లబావ్, జాషువా వలెట్‌స్కీ 1967లో శాస్త్రీయంగా విశ్లేషించారు. పూర్వరంగం, సంక్లిష్ట సంఘటన, మూల్యాంకనం, పరిష్కారం, సమాపనం అనే అంగాలను వారు గుర్తించారు. కథారంభంలో వచ్చే సారాంశ సూచనను లబావ్ 1972లో దీనికి చేర్చారు. ఈ నమూనాను పరీక్షించడానికి పశ్చిమ ప్రకాశం పలుకుబడిలో ఒక ఊహాత్మక కథనాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒక గృహిణి పొరుగింటి స్త్రీతో ఇలా అంటున్నదనుకుందాం:

“వదినా, నా సంగతి నీకు తెలవందేముంది. పోయిన ఎండాకాలం మా ఆయన బెంగుళూరు పనికి పాయె. నేను ఇంట్లో మిషన్ కుట్టుకుంటా ఉంటి. ఇద్దరు పిల్లోళ్ల ఫీజులు, చీటీ డబ్బులు... రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. మా మేనమామ కూతురు మీటింగుకు రమ్మంటే ముందు నేనూ నమ్మలా. మళ్ల పోయి చూస్తి. ఇప్పుడు నెలనెలా డబ్బులొస్తాయి. మొన్న పెద్దోడి ఫీజు నేనే కట్టినా. చేరమని చెప్పడంలా వదినా, ఒక్కసారి వచ్చి చూడమంటా ఉండా. మనం ఆడోళ్లం ఎంతకాలమని ఒకరి చేతికల్ల చూస్తాం?”

ఇందులో భర్త వలస, కుట్టుపని పూర్వరంగం. ఫీజులు, చీటీ, నిద్రలేమి సంక్లిష్ట సంఘటన. ‘ముందు నేనూ నమ్మలా’ అన్నది మూల్యాంకనం. మొత్తం కథనంలో అత్యంత శక్తిమంతమైన వాక్యం ఇదే. శ్రోత మనసులో పుట్టబోయే అనుమానాన్ని వక్త ముందుగా తనదిగా చెప్పుకుని, దానిని తానే దాటినట్లు చూపుతుంది. ఆ తరువాత శ్రోత అనుమానించినా, అది వక్త ఇదివరకే దాటివచ్చిన మెట్టుగా మాత్రమే కనిపిస్తుంది. పెద్దకొడుకు ఫీజు కట్టడం పరిష్కారం. చివరి ప్రశ్న సమాపనం. సాధారణ అనుభవ కథలో సమాపనం కథను ముగిస్తుంది. విక్రయ కథనంలో సమాపనం శ్రోతను కథలోకి పిలుస్తుంది. ఈ కథకు నిజమైన ముగింపు శ్రోత చేరికే.

ఇందులో సరుకు పేరు ఒక్కసారి కూడా రాలేదన్నది గమనార్హం. సబ్బు, పొడి, నూనె ఏదైనా ఈ కథకు సరిపోతుంది. అమ్ముతున్నది వస్తువు కాదు, మారిన జీవితం.

5. కథనానికి తోడ్పడే భాషాంశాలు:

5.1 నేను – మేము – మనం: శ్రోతను మినహాయించే ‘మేము’, శ్రోతను కలుపుకునే ‘మనం’ అనే భేదం తెలుగు వంటి ద్రావిడ భాషల ప్రత్యేకత. ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకటే సర్వనామం. పై కథనం ‘నేను’తో మొదలై ‘మనం’తో ముగిసింది. సమావేశాలలో వక్త ‘మేము ఎదిగాం’ అంటే వినేవారు ఇంకా బయటివారే. ‘మనం ఎదుగుతాం’ అన్న క్షణాన, వారు అంగీకరించకముందే వ్యాకరణం వారిని లోపలికి చేర్చుకుంటుంది. వదినా, అక్కా, చిన్నాయనా వంటి బంధువాచకాలు ఆ చేరికను మరింత బిగిస్తాయి. ‘వదినా’ అని పిలిచినవారిని లెక్క చూపమని అడగడం ఈ సమాజంలో మర్యాద తప్పినట్లు అనిపిస్తుంది.

5.2 ‘అట’ లోపించడం: తాను చూడని విషయాన్ని చెప్పేటప్పుడు తెలుగువారు వాక్యం చివర ‘అట’ చేరుస్తారు. ‘ఆయన కారు కొన్నాడు’ అన్నదానికీ ‘ఆయన కారు కొన్నాడట’ అన్నదానికీ బాధ్యతలో చాలా తేడా ఉంది. మొదటిది సాక్ష్యం, రెండవది వినికిడి. వేదికపై విన్న పరాయి విజయగాథ ఒకరినుండి ఒకరికి సాగే క్రమంలో ఈ చిన్న ప్రత్యయం జారిపోతుంది. హైదరాబాదులో ఎవరో చెప్పిన కథ గిద్దలూరుకు చేరేసరికి కళ్లారా చూసిన సంగతి అవుతుంది. శ్రోత ‘చూశావా, విన్నావా?’ అని ఒక్క ప్రశ్న వేస్తే పోయిన ‘అట’ తిరిగి వస్తుంది.

5.3 ‘వస్తాయి’ అనే క్రియ: ‘నెలకు ఇరవై వేలు వస్తాయి’ అన్న వాక్యానికి తెలుగులో రెండు అర్థాలున్నాయి. నెలనెలా వస్తున్నాయన్నది ఒకటి. దీనిని సంప్రదాయ వ్యాకరణం తద్ధర్మార్థం అంటుంది. ఇకముందు రాగలవన్నది రెండవది, అది భవిష్యదర్థం. ఒకే క్రియారూపం ఉన్న నిజాన్నీ ఆశనూ కూడా చెప్పగలదు. వక్త ఆశగా పలికినా శ్రోత నిజంగా వినవచ్చు. తరువాత నిలదీసినప్పుడు ‘వస్తాయన్నాను గాని వచ్చాయనలేదు కదా’ అని తప్పుకోవడానికీ దారి ఉంటుంది. ‘పోయిన నెల ఎంత వచ్చింది?’ అని భూతకాలంలో అడగడమే దీనికి విరుగుడు.

5.4 కర్త కనిపించని వాక్యం: ‘సంపాదించాను’ అన్న వాక్యంలో శ్రమ చేసినవారు ఉన్నారు. ‘నాకు డబ్బు వచ్చింది’, ‘నాకు నొప్పులు తగ్గాయి’ వంటి వాక్యాలలో అనుభవించినవారు ‘కు’ విభక్తితో నిలుస్తారు. ఫలితం తనంతట తానే నడిచివచ్చినట్లు ఉంటుంది. డబ్బు ఎవరి జేబునుండి వచ్చింది, నొప్పి దేనివల్ల తగ్గింది అనే ప్రశ్నలకు ఆ వాక్యంలో చోటుండదు. ఇవి తెలుగు సహజ ప్రయోగాలే; వాటిలో దోషం లేదు. అయితే విక్రయ కథనంలో వాటి వాడుక శ్రోత అడగవలసిన ప్రశ్నలను మరుగుపరుస్తుంది.

6. కథ చెప్పని లెక్క:

ఒక్కరి కథ నిజమైనా అది అందరికీ వర్తించదనడానికి చిన్న గణితం చాలు. ఒక్కొక్కరు ఐదుగురిని చేర్పించాలని అనుకుందాం. మొదటి అంచెలో 5, రెండవ అంచెలో 25, మూడవ అంచెలో 125, నాలుగవ అంచెలో 625, ఐదవ అంచెలో 3,125, ఆరవ అంచెలో 15,625 మంది ఉంటారు. ఏడవ అంచెకు 78,125 మంది కావాలి. 2011 జనగణన నాటి మార్కాపురం పట్టణ జనాభా సుమారు 71 వేలు. అంటే పసిపిల్లలతో సహా పట్టణమంతా చేరినా ఏడవ అంచె ఒక్కటీ నిండదు.

మరొక విషయం ఇంతకంటే ముఖ్యమైనది. ఏ దశలో లెక్కించినా ఈ నిర్మాణంలో ప్రతి ఐదుగురిలో నలుగురు చివరి అంచెలోనే ఉంటారు. వారి కింద ఎవరూ ఉండరు. బయటి వినియోగదారులకు సరుకు అమ్మి లాభం పొందితే తప్ప, చేర్పింపుల మీద ఆధారపడిన ఆదాయం వారికి అసాధ్యం. ఇది వారి సోమరితనం వల్లనో, నమ్మకలేమి వల్లనో కలిగింది కాదు, నిర్మాణ లక్షణం. కానీ సమావేశ వేదికపై కథ చెప్పేవారు ఆ ఐదవ మనిషే. మిగిలిన నలుగురి కథకు వేదిక లేదు. గెలిచినవారిని మాత్రమే చూసి గెలుపు సులభమని నమ్మే ఈ పొరపాటును గణాంక శాస్త్రం నెగ్గుకువచ్చినవారి పక్షపాతంగా గుర్తిస్తుంది.

ఓడినవారి మౌనానికి మరొక కారణం ఉంది. నష్టపోయిన వ్యక్తి చాలాసార్లు తన చెల్లెలినో, తోడికోడలినో కూడా చేర్పించి ఉంటాడు. ఫిర్యాదు చేస్తే ఆ వేలు తనవైపే తిరుగుతుంది. అందువల్ల నష్టం ఇంట్లోనే ఉండిపోతుంది. పెళ్లిళ్లలో పలకరింపులు తగ్గుతాయి, పొదుపు సంఘంలో పక్కన కూర్చోవడం మానేస్తారు, చీటీకి హామీ అడగడానికి మొహం చెల్లదు. కరవుసీమలో ఇంటి కష్టానికి బ్యాంకు కంటే ముందు ఆదుకునేది ఈ సంబంధాలే. కాబట్టి ఇక్కడ పోయేది కొన్ని వేల రూపాయలు మాత్రమే కాదు. ఆపదలో అప్పు పుట్టే నమ్మకం.

స్థానిక పరిచయం మీద నడిచిన ఆర్థిక వ్యవహారం విఫలమైతే ఏమవుతుందో తెలుగునేల అగ్రిగోల్డ్ వ్యవహారంలో చూసింది. అది నెట్‌వర్క్ మార్కెటింగ్ కాదు, స్థలాల ఆశచూపి డిపాజిట్లు సేకరించిన పథకం. అయినా దాదాపు 32 లక్షల మంది డిపాజిటర్లను చేర్చినవారు ఊరివారైన ఏజెంట్లే. చెల్లింపులు ఆగినప్పుడు జనం ముందుగా తట్టింది ఆ ఏజెంట్ల ఇంటి తలుపులనే. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదివేల రూపాయల లోపు డిపాజిట్లకు చెల్లింపులు చేయవలసివచ్చింది.

7. ఆరోగ్య కథనాలు – కాకతాళీయ న్యాయం:

ఆదాయ కథనాలతోపాటు ఈ రంగంలో విరివిగా వినిపించేవి ఆరోగ్య కథనాలు. ‘ఈ పొడి మూడు నెలలు తాగాను, మోకాళ్ల నొప్పులు పోయాయి’ అన్న మాట ఫ్లోరైడ్ నీటితో బాధపడే పల్లెలో ఎంత దూరం వెళుతుందో ఊహించవచ్చు. కాకి వాలగానే తాటిపండు రాలితే, కాకి వాలడంవల్లనే పండు రాలిందనుకోవడాన్ని మన పెద్దలు కాకతాళీయ న్యాయంతో వివరించారు. నొప్పులు కొన్నాళ్లు ఎక్కువై, కొన్నాళ్లు తగ్గడం సహజం. ఎక్కువైనప్పుడే మనిషి కొత్త వస్తువు కొంటాడు. తరువాత తగ్గుదల వస్తే ఆ ఘనత వస్తువుకు దక్కుతుంది. వస్తువు ఉంటే ఫలితం ఉండటం అన్వయం. వస్తువు లేకపోతే ఫలితం లేకపోవడం వ్యతిరేకం. ఈ రెండూ చూడకుండా కారణాన్ని నిశ్చయించరాదు. ఒక్కరి అనుభవంలో వ్యతిరేకాన్ని పరీక్షించే వీలుండదు.

చెప్పినవారు అబద్ధమాడారని దీని అర్థం కాదు. ఆమె నొప్పి తగ్గడం నిజం కావచ్చు. తగ్గినదానికి ఆమె చెప్పిన కారణం మాత్రం పరీక్షకు నిలవని ఊహ. ఆ ఊహను నమ్మి మరొకరు వైద్యం మానుకుంటే జరిగే హాని తీవ్రమైనది. 1954 నాటి ఔషధాలు, మంత్రచికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం మధుమేహం, క్యాన్సర్, రక్తపోటు వంటి అనేక వ్యాధులను నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించింది. ఆ చట్టం ‘ప్రకటన’కు ఇచ్చిన నిర్వచనంలో నోటితో చేసే ప్రకటన కూడా ఉంది. అంటే కరపత్రంలో రాయలేదు కదా అన్నది సంజాయిషీ కాజాలదు.

8. చట్టం దృష్టిలో కథ:

1978 నాటి ప్రైజ్ చిట్లు, ద్రవ్య చలామణి పథకాల నిషేధ చట్టం, సభ్యుల చేరికపై ఆధారపడి డబ్బు చెల్లిస్తామనే వాగ్దానంతో నడిచే పథకాలను, త్వరగా సులభంగా డబ్బు సంపాదించే పథకాలను నిషేధించింది. ఈ చట్టం అమలులో ఆంధ్రప్రదేశ్‌కు దేశంలోనే ప్రత్యేక స్థానం ఉంది. 2006లో రాష్ట్ర పోలీసులు ఆమ్‌వే కార్యాలయాలపై చర్య తీసుకోగా, ఆ సంస్థ హైకోర్టును ఆశ్రయించింది. 2007లో హైకోర్టు ఆ సంస్థ పథకం ప్రాథమికంగా ఈ చట్టం పరిధిలోకి వస్తుందని అభిప్రాయపడి పిటిషన్‌ను తోసిపుచ్చింది. 2014 మే నెలలో ఆ సంస్థ భారత విభాగం అధిపతిని కర్నూలు పోలీసులు అరెస్టు చేశారు. గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు ఒకనాడు భాగమైన కర్నూలు జిల్లాయే ఈ జాతీయ చర్చకు ఒక కేంద్రం కావడం గమనార్హం.

ఆ తరువాత చట్టం ప్రత్యక్ష విక్రయాన్ని, పిరమిడ్ పథకాన్ని వేరుచేసే దిశగా సాగింది. కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలను, 2021 డిసెంబరు 28న వినియోగదారుల పరిరక్షణ ప్రత్యక్ష విక్రయ నియమాలను ప్రకటించింది. ఈ నియమాలు ప్రత్యక్ష విక్రయాన్ని గుర్తించాయి. ఆ ముసుగులో పిరమిడ్ పథకాలను, ద్రవ్య చలామణి పథకాలను నడపడాన్ని నిషేధించాయి. విక్రేత గుర్తింపు కార్డు లేకుండా, ముందస్తు అంగీకారం లేకుండా వినియోగదారుని ఇంటికి వెళ్లరాదు. సంభాషణ మొదట్లోనే, ఎవరూ అడగకుండానే, తన పేరును, సంస్థ పేరును, సరుకు స్వభావాన్ని, తాను వచ్చిన ఉద్దేశాన్ని నిజాయితీగా చెప్పాలి. ‘ఊరికే పలకరించిపోదామని వచ్చా’ అంటూ మొదలై, కాఫీ తాగాక ప్లాన్‌గా మారే సంభాషణ ఈ నియమానికి నేరుగా విరుద్ధం.

అమెరికా అనుభవమూ ఇదే చెబుతుంది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979లో ఆమ్‌వేను చట్టవిరుద్ధమైన పిరమిడ్ కాదని తేల్చింది. కానీ ఆదాయం గురించి అతిశయోక్తులు చెప్పడాన్ని తప్పుపట్టింది. వ్యాపార నిర్మాణం చట్టబద్ధమైనా కథ చట్టవిరుద్ధం కావచ్చన్న సూత్రం ఇందులో ఉంది. 2009లో అదే కమిషన్, అసాధారణమైన విజయాన్ని చూపే అనుభవ కథనంతోపాటు సాధారణంగా ఆశించదగిన ఫలితాన్ని కూడా చెప్పాలని నిర్దేశించింది. భారతదేశంలో 2022 జూన్ నాటి తప్పుదోవ పట్టించే ప్రకటనల నిరోధక మార్గదర్శకాలు కూడా, ఒక వస్తువును సమర్థించేవారి మాట వారి యథార్థమైన అభిప్రాయమై, తగిన సమాచారం లేదా అనుభవంపై ఆధారపడి ఉండాలన్నాయి.

9. ఆప్తుని లక్షణాలు – నమ్మదగిన కథనం:

న్యాయదర్శనం శబ్దాన్ని ఒక ప్రమాణంగా అంగీకరించింది. అయితే ఎవరి మాట పడితే వారి మాట కాదు, ఆప్తుని మాట మాత్రమే ప్రమాణం. విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి ఉండటం, ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పాలనే కోరిక ఉండటం ఆప్తుని లక్షణాలని వాత్స్యాయన భాష్యం వివరించింది. తెలుగులో ‘ఆప్తుడు’ అంటే దగ్గరి చుట్టం, ప్రియమైనవాడు అనే అర్థం స్థిరపడింది. శాస్త్రంలో మాత్రం ఆ పదానికి నమ్మదగినవాడని అర్థం. నెట్‌వర్క్ మార్కెటింగ్ కథనం ఈ రెండర్థాల మధ్య సందులోనే నడుస్తుంది. చుట్టం కాబట్టి నమ్మమంటుంది. నమ్మదగినవాడైతేనే నమ్మమంటుంది శాస్త్రం.

ఈ ప్రమాణాన్ని పాటిస్తే స్వీయానుభవ కథనం తన బలాన్ని కోల్పోకుండానే ధర్మబద్ధం కాగలదు. అందుకు నాలుగు అంశాలు అవసరం. మొదటిది, తన అనుభవాన్ని తనదిగాను, విన్నదానిని విన్నదిగాను చెప్పడం. రెండవది, రాబడితోపాటు ఖర్చును, పట్టిన కాలాన్ని చెప్పడం. మూడవది, శ్రోత చేరికవల్ల తనకు కలిగే లాభాన్ని దాచకపోవడం. నాలుగవది, తనతోపాటు చేరినవారిలో ఎందరు నిలిచారో, ఎందరు మానుకున్నారో చెప్పడం. ముందటి ఉదాహరణలోని గృహిణి ఇలా మాట్లాడిందనుకుందాం:

“వదినా, నేను సబ్బులూ పొడులూ అమ్మే కంపెనీలో చేరినా, ఆ మాట చెప్పడానికే వచ్చినా. చేరి ఎనిమిది నెలలాయె. పద్నాలుగు వేల సరుకు కొన్నా. అందులో ఐదు వేలకు బయట అమ్మినా, మిగతాది ఇంట్లో వాడుకున్నాం. కమీషన్ తొమ్మిది వేలొచ్చింది. మీటింగులకు తిరిగిన చార్జీలు మూడు వేలు. లెక్కేస్తే ఇంకా మూడు వేలు చేతినుంచి పెట్టినట్టే. నాతో చేరినోళ్లు ఆరుగురు, నలుగురు మానుకున్నారు. నువ్వు చేరితే నాకు కమీషన్ వస్తాది. సబ్బు బాగుంది, కావాలంటే ఒకటి వాడి చూడు.”

ఈ కథనం విని చేరేవారు తగ్గవచ్చు. సబ్బు కొనేవారు మాత్రం ఉంటారు. వారు మళ్లీ కొంటారు, ఎందుకంటే చెప్పిన మాటకూ జరిగినదానికీ తేడా ఉండదు. ఖర్చు పదిహేడు వేలు, రాబడి పద్నాలుగు వేలు అన్న లెక్క ముందు ఉన్నప్పుడు పొరుగింటి స్త్రీ తన నిర్ణయం తాను తీసుకుంటుంది. చేరినా, చేరకపోయినా ‘వదినా’ అనే పిలుపు నిలుస్తుంది. చిన్న ఊళ్లో దీర్ఘకాలం వ్యాపారం చేయదలచినవారికి ఇంతకంటే లాభదాయకమైన పద్ధతి లేదు. నమ్మకం ఇక్కడ ఒక్కసారే ఖర్చవుతుంది. నగరంలోలాగా రోజుకొక కొత్త మనిషి దొరకడు.

శ్రోత వైపునుండి కూడా సిద్ధత అవసరం. ‘పోయిన నెల నీ చేతికి ఎంత వచ్చింది? ఎంత ఖర్చయింది? ఇది నువ్వు చూసిందా, విన్నదా? నేను చేరితే నీకేమి వస్తుంది? సరుకు నచ్చకపోతే తిరిగి తీసుకుంటారా?’ అనే ప్రశ్నలను నొప్పించకుండా అడగవచ్చు. సమాధానం సంతృప్తికరంగా లేకపోతే, మోసం జరిగిందనిపిస్తే, 1915 నంబరులోని జాతీయ వినియోగదారుల సహాయవాణిని సంప్రదించే వీలుంది. పొదుపు సంఘాల సమావేశాలలో, జూనియర్, డిగ్రీ కళాశాలల తెలుగు తరగతులలో ఇటువంటి కథనాలను పాఠ్యంగా తీసుకుని విశ్లేషింపజేయడం ప్రయోజనకరం. భాషను చదవడం నేర్పడమంటే, తనను ఒప్పించడానికి వచ్చిన భాషను చదవడం కూడా నేర్పడమే.

10. ఉపసంహారం:

• స్వీయానుభవ కథనం నెట్‌వర్క్ మార్కెటింగ్‌కు ప్రాణం. అది సుహృత్సమ్మిత రూపంలో వచ్చే విక్రయ భాషణ.

• మనం, అట, తద్ధర్మార్థక క్రియ, ‘కు’ విభక్తి ప్రయోగాలు వంటి తెలుగు భాషాంశాలు ఆ కథనానికి బలాన్నిస్తాయి. శ్రోత అడగవలసిన ప్రశ్నలను మరుగుపరచేవీ అవే.

• ఒక్కరి విజయం నిజమైనా, చేర్పింపుల నిర్మాణంలో అధికసంఖ్యాకులకు ఆ విజయం గణితరీత్యా సాధ్యం కాదు. ఓడినవారి మౌనం ఈ సత్యాన్ని కప్పివేస్తుంది.

• 1954, 1978 నాటి చట్టాలు, 2021 నాటి నియమాలు నోటిమాటను కూడా బాధ్యతగల ప్రకటనగా పరిగణించే దిశలో ఉన్నాయి.

• విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినట్లే చెప్పే ఆప్తలక్షణం ఉన్న కథనం వ్యాపారానికీ, సమాజానికీ మేలు చేస్తుంది.

వలసలు, కరవు, ఫ్లోరైడ్ బాధల మధ్య పశ్చిమ ప్రకాశం ప్రజలు నిలబడింది ఒకరి మాట మీద ఒకరికున్న నమ్మకంతోనే. ఆ నమ్మకాన్ని పెట్టుబడిగా పెట్టేవారు దానిని తిరిగి చెల్లించే బాధ్యతను కూడా స్వీకరించాలి.